పల్స్‌లు దగ్గరపడగానే డిలే తగ్గిపోతోందా? ఇక్కడ చూడండి

రెసిస్టర్, కెపాసిటర్, వాటి వెనక ఒక ఫాస్ట్ కంపారేటర్ (రెండు వోల్టేజీలను పోల్చి, ఒకటి రెండోదాన్ని దాటగానే అవుట్‌పుట్ మార్చే చిప్). థ్రెషోల్డ్ వోల్టేజీని, అంటే కంపారేటర్ మారే హద్దును, పైకీ కిందికీ జరుపుతూ సిగ్నల్ డిలే (ఆలస్యం) మార్చుకునే సర్క్యూట్ గురించి రాస్తున్నాను. కట్టడం మీకు తెలుసనుకుని నేరుగా సమస్యల్లోకి వెళ్తున్నాను.

డిలే లెక్కకు కలవడం లేదు

ముందు కేబుళ్లు చూడండి. దయచేసి, సర్క్యూట్ మీద చెయ్యి వేయకముందే చూడండి. మామూలు కోయాక్స్ కేబుల్‌లో సిగ్నల్‌కు మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. రెండు కేబుళ్ల మధ్య 20 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒక నానోసెకన్ అక్కడే వచ్చేస్తుంది. ఒకే సిగ్నల్‌ను రెండు కేబుళ్లకూ ఇచ్చి, ఆసిలోస్కోప్‌లో రెండింటి ఎడ్జ్‌లూ (సిగ్నల్ ఎక్కే లేదా పడే అంచులు) ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూసుకోవాలి. రెండు నిమిషాల పని. సాయం అడిగినవాళ్లలో చాలామంది ఇది చేయకుండానే చిప్‌లు మార్చేసి ఉంటారు, అదే నా బాధ. కేబుళ్లు సరిపోతే, కంపారేటర్ సొంత డిలేని లెక్కలో కలిపారో లేదో చూడండి.

ఒక్క పల్స్‌కు సరిగ్గా ఉంది, వరుసగా పంపితే డిలే తగ్గుతోంది

నన్ను రెండు వారాలు తిప్పించింది ఇదే. కంపారేటర్‌ను అనుమానించాను, పవర్ సప్లైని అనుమానించాను. అసలు కారణం కెపాసిటర్‌లో మిగిలిపోయిన చార్జ్.

200 ఓమ్స్, 10 పీకోఫారడ్‌లు తీసుకుంటే టైమ్ కాన్‌స్టంట్ (ఆ రెండింటి గుణకారం; కెపాసిటర్ ఎంత వేగంగా నిండుతుందో, ఖాళీ అవుతుందో చెప్పేది) 2 నానోసెకన్లు. థ్రెషోల్డ్ సగంలో ఉంటే డిలే సుమారు 1.39 నానోసెకన్లు రావాలి. కానీ ఆ లెక్క కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయి ఉంటేనే. తర్వాతి పల్స్‌కు ముందు 4 నానోసెకన్ల విరామమే దొరికితే ఇంకా 13.5 శాతం వోల్టేజీ మిగిలే ఉంటుంది. ఎక్కడం అక్కడి నుంచి మొదలవుతుంది కాబట్టి డిలే 1.1 నానోసెకన్లకు పడిపోతుంది. అంటే దాదాపు 290 పీకోసెకన్లు గల్లంతు.

గుర్తుపట్టడం తేలికే. ఐదారు పల్స్‌ల గుంపు పంపి, చాలాసేపు ఆపి, మళ్లీ పంపండి. మొదటి పల్స్ సరైన డిలేతో, మిగతావి ముందుగా వస్తే ఇదే జబ్బు. డేటా సిగ్నల్ పెట్టి చూస్తే మాత్రం ఇది అచ్చం జిట్టర్‌లా (ఎడ్జ్ వచ్చే సమయం అటూ ఇటూ ఊగడం) కనిపిస్తుంది, అందుకే మోసపోతాం. కెపాసిటర్ మీదే ప్రోబ్ పెట్టి చూద్దామనుకోకండి. మామూలు 10ఎక్స్ ప్రోబ్ తానే 10 పీకోఫారడ్‌ల వరకు కలుపుతుంది, టైమ్ కాన్‌స్టంట్ రెట్టింపైపోతుంది.

రైజింగ్ (పైకి ఎక్కే) ఎడ్జ్ ఒక్కటే మీకు ముఖ్యమైతే, సిగ్నల్ పడిపోగానే కెపాసిటర్‌ను ఖాళీ చేసేలా రెసిస్టర్‌కు సమాంతరంగా ఒక షాట్కీ డయోడ్ (తక్కువ వోల్టేజీ డ్రాప్ ఉండే వేగమైన డయోడ్) పెట్టండి. డయోడ్ డ్రాప్ మేరకు కొంచెం మిగులుతుంది, కానీ ఆ మిగులు విరామాన్ని బట్టి పెద్దగా మారదు. రెండు ఎడ్జ్‌లూ కావాలంటే ఇది పనికిరాదు, పల్స్ వెడల్పు మారిపోతుంది. అప్పుడు డిలేని ముక్కలు చేయాలి. 0.5 నానోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో నాలుగు దశలు, ప్రతి దశకూ సొంత కంపారేటర్. మొత్తం డిలే అంతే వస్తుంది, అదే 4 నానోసెకన్ల విరామంలో మిగిలేది మాత్రం 0.03 శాతమే. కంపారేటర్ల స్థిర డిలే పెరుగుతుంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే.

డిలే పెంచేకొద్దీ జిట్టర్ పెరుగుతోంది

థ్రెషోల్డ్‌ను మరీ పైకి తీసుకెళ్లారు. 90 శాతం దగ్గర వోల్టేజీ వాలు సగం దగ్గరి వాలులో ఐదో వంతే, కాబట్టి అదే నాయిస్‌కు ఐదు రెట్లు జిట్టర్ వస్తుంది. నేను 60 శాతం దాటనివ్వను. ఇంకా డిలే కావాలంటే మరో దశ కలుపుతాను.

ఎడ్జ్ మీద అలలు కనిపిస్తున్నాయి

ప్రోబ్ గ్రౌండ్ వైరు పొడవుగా ఉంది. దాన్ని తీసేసి ప్రోబ్ కొన దగ్గర పొట్టి గ్రౌండ్ స్ప్రింగ్ పెట్టండి.

వేడికి డిలే జరగడం, చిప్ చెడిపోవడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాక కూడా తేడా ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.