గోదావరి డెల్టాలో ఉంటూ డిజైన్ రంగంలో పరిచయాలు పెంచుకోవడం ఎలా?

కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు నుంచి డిజైన్ చదువుతున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఈ ఫీల్డులో మనకెవరూ తెలీదండీ, ఎవర్ని పట్టుకోవాలి?" హైదరాబాద్ నిఫ్ట్‌లోనో, అమరావతి ఎన్‌ఐడీలోనో సీటొచ్చి, సెలవులకి ఊరొచ్చినవాళ్ళు కూడా ఇదే అడుగుతారు.

ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. ఒక పని పూర్తిచేసి, దాని గురించి తెలిసినవాళ్ళకి చూపించండి. వాళ్ళు చెప్పింది విని సరిదిద్ది, మళ్ళీ వాళ్ళకే చూపించండి. మొదటిసారి చూపించేవాళ్ళు చాలామంది ఉంటారు. రెండోసారి తిరిగి వచ్చేవాళ్ళు బహు తక్కువ. వాళ్ళ పేరే ఎదుటివాళ్ళకి గుర్తుంటుంది. కింద రాసిన అడుగులన్నీ ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతాయి. రెండో ఏడాదిలో మొదలుపెడితే చదువు అయ్యేసరికి చేతిలో పనీ ఉంటుంది, పలకరించే మనుషులూ ఉంటారు.

మొదటి అడుగు: మీ ఊరి సమస్య ఒకటి తీసుకోండి

పేరున్న యాప్‌కి కొత్త తెరలు గీసి పోర్ట్‌ఫోలియోలో (మీ పనుల సంకలనంలో) పెట్టడం మానండి. స్టూడియోల వాళ్ళు అలాంటివి రోజూ చూస్తారు. వాళ్ళు చూడనివి మీ చుట్టూ ఉన్నాయి. కడియం నర్సరీల్లో మొక్కకి కట్టే చీటీనే తీసుకోండి. ఎండకి వెలవకూడదు, నీళ్ళకి చీకకూడదు. కూలికొచ్చిన మనిషికి తెలుగులో అర్థమవ్వాలి, లోడు కోసం పై రాష్ట్రం నుంచి వచ్చిన వ్యాపారికీ తెలియాలి. రావులపాలెం బస్ కాంప్లెక్సులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు మరో ప్రాజెక్టు. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకి ఊళ్ళనుంచి మోసుకొచ్చే ప్రభలు ఇంకొకటి. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే. వెదురు ఎలా వంచుతారు, రంగు గుడ్డలు ఏ వరసలో చుడతారు, అంత ఎత్తు ప్రభ కాలవ దాటేటప్పుడు ఎవరెక్కడ భుజం పడతారు అన్నవి కొలతలతో గీసిపెట్టగలిగితే ఏ డిజైన్ బడిలోనైనా ఆగి చూస్తారు.

ఒక ఉదాహరణని వివరంగా చూద్దాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దాని పెట్టె డిజైన్ చేయాలనుకోండి. ముందుగా బొమ్మ గీయకండి. నాలుగు దుకాణాల్లో నాలుగు పెట్టెలు కొని, బస్సులో రాజమండ్రి దాకా తెచ్చి, విప్పి చూడండి. రేకులు ఏ మూల నలిగాయి? నెయ్యి ఎక్కడ దిగి అట్ట మరకపడింది? పెట్టె మీద పెట్టె పేరిస్తే అడుగుది ఎంత బరువు మోస్తోంది? అప్పుడు లేబుల్ సంగతి చూడండి. పదార్థాల జాబితా, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క. ఇవన్నీ చట్టం అడిగేవి. వీటికి చోటు వదలకుండా గీసిన పెట్టె ఎంత అందంగా ఉన్నా అచ్చుకి పోదు. ఈ చోటు ముందే లెక్కేసుకున్న విద్యార్థి పని చూస్తే, "ఈ పిల్లకి అసలు పని తెలుసు" అని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇలాంటివి మూడు చాలు. ఒక్కోదానికి ఆరేడు పేజీలు. సమస్య, మీరు మాట్లాడిన మనుషులు, తొలి గీతలు, వదిలేసిన ప్రయత్నాలు, ఎందుకు వదిలేశారో, చివరి రూపం, అందులో ఇంకా కుదరనిది ఏమిటో. నలుగురు కలిసి చేసిన పనైతే మీ వంతు ఏదో స్పష్టంగా రాయండి.

రెండో అడుగు: ప్రింటింగ్ ప్రెస్సుతో చుట్టరికం

డిజైన్ విద్యార్థికి తొలి పరిశ్రమ పరిచయం ప్రెస్సులోనే దొరుకుతుంది. తణుకు, పాలకొల్లు, మండపేట లాంటి ఊళ్ళలో కూడా శుభలేఖలూ కరపత్రాలూ బిల్లు పుస్తకాలూ వేసే ప్రెస్సులున్నాయి. పెళ్ళిళ్ళ సీజనులో వెళ్తే మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ముహూర్తాలు లేని మూఢంలో వెళ్ళండి. "ఏవండీ, ఈ ఫైలు అచ్చు ప్లేటుకి పనికొస్తుందాండీ?" అని ఒక అసలు ఫైలు చేతిలో పట్టుకుని అడగండి. ఉత్తచేతులతో వెళ్ళి "నేర్పండి" అంటే వాళ్ళకి ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. ఫైలు కనిపిస్తే తప్పులు వాళ్ళే ఏకరువు పెడతారు.

వెళ్ళేముందు కనీసం ఇవి సరిచూసుకోండి. రంగులు సీఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు ఇంకుల పద్ధతిలో ఉండాలి. బొమ్మలు అచ్చు కొలతలో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గకూడదు. కటింగ్ గీత బయటకి నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడు (కోతలో పోయే అదనపు అంచు) వదలాలి. చిన్న అక్షరాలు ఒక్క నల్ల ఇంకుతోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపు వాడితే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా తెలుగు ఒత్తులు అలికినట్టవుతాయి.

తెలుగు అక్షరం సంగతి ఇంకా ముఖ్యం. మన డీటీపీ ఆపరేటర్లలో చాలామంది ఇప్పటికీ అను ఖతులతోనే (పాత పద్ధతి తెలుగు ఫాంట్లతోనే) పనిచేస్తారు. మీరు ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్‌లో కొట్టి ఇచ్చింది వాళ్ళ పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తెరవదు. వాళ్ళది మీ కంప్యూటర్‌లో ఇంగ్లీషు గుర్తుల కలగాపులగంలా కనిపిస్తుంది. అచ్చుకిచ్చేముందు అక్షరాలని కర్వ్స్‌లోకి (ఖతి అవసరంలేని గీతల ఆకారాల్లోకి) మార్చి ఇవ్వండి, మార్చని ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఫొటోషాప్, ఇన్‌డిజైన్‌లలో ఒత్తులు విడిపోతుంటే సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్, వరల్డ్ రెడీ కంపోజర్ అనేవి ఎంచుకోవాలి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడం తెలుగుకి చాలదు, పైలైను ఒత్తు వచ్చి కిందిలైను గుడికి తగులుతుంది. ఈ సంగతులు మెట్రో నగరాల్లోని మంచి స్టూడియోల్లో కూడా తెలిసినవాళ్ళు తక్కువే. మీకు తెలిస్తే, తెలుగు పని వచ్చిన రోజున వాళ్ళే మిమ్మల్ని వెతుక్కుంటారు.

నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాతని మన శుభలేఖలన్నీ అరువు తెచ్చుకుంటాయి. ఆ రాత మీద నాకెంత ప్రేమ ఉన్నా, పోర్ట్‌ఫోలియోలో మాత్రం వాడొద్దంటాను, అక్కడ మీ చెయ్యి కనపడాలి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేయించిన మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని మార్చుకునే అనుమతి కూడా ఉంది. ఏ ఖతిలోనైనా ఏదో ఒక ఒత్తు తప్పుగా కూర్చుంటే, బొమ్మ తీసి, ఎక్కడ ఎలా ఉండాలో గీసి, ఆ ఖతి మూల ఫైళ్ళుండే గిట్‌హబ్ పేజీలో రాయండి. ఖతులు చేసేవాళ్ళతో పరిచయానికి ఇంతకంటే మర్యాదైన దారి నాకు తెలీదు. ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం ఐడీసీ నడిపే, అక్షరాల రూపకల్పన మీద జరిగే టైపోగ్రఫీ డే సదస్సు మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

మూడో అడుగు: మగ్గం దగ్గరికి, లేసు దగ్గరికి

కాకినాడ పక్కన ఉప్పాడ, అమలాపురం పక్కన బండారులంక, ఇటు నరసాపురం. వస్త్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి గంటా రెండు గంటల ప్రయాణంలో ఇంత పని ఉన్న చోటు దేశంలో తక్కువ. ఉప్పాడ జమ్‌దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నరసాపురం లేసుకి 2024లో. జమ్‌దానీలో ప్రతి బుటాకీ (నేతలో వచ్చే చిన్న బొమ్మకీ) అదనపు పేక దారం విడిగా చేత్తోనే ఎక్కిస్తారు. అందుకే చీర వెనక్కి తిప్పినా ముందున్నంత శుభ్రంగా ఉంటుంది. మీరు తెరమీద గీసిన నున్నటి వంపు గ్రాఫు కాగితం మీదకి వచ్చేసరికి మెట్లుమెట్లుగా అవుతుంది. నేతగాడు "ఈ వంపు కుదరదు బాబూ, ఇక్కడ ఒక గడి తగ్గించు" అంటే రాసుకోండి. తగ్గించి మళ్ళీ తీసుకెళ్ళండి.

మర్యాదలు కొన్ని ఉన్నాయి. మగ్గం నడుస్తుండగా మాట్లాడిస్తే ఆ రోజు కూలి తగ్గేది వాళ్ళకే. ఎప్పుడు రమ్మంటారో ముందురోజే అడగండి. ఫొటోకి అనుమతి అడగండి, బుటా దగ్గరగా తీసేటప్పుడు మరీను. అది ఆ ఇంటి సొంత డిజైన్ కావచ్చు, నెట్‌లో పెడితే వారంలో పవర్‌లూమ్ మీద కనిపిస్తుంది. నమూనా నేయించుకుంటే బేరమాడకుండా డబ్బివ్వండి. లేసు పని చాలావరకు ఇళ్ళలోనే సాగుతుంది. దారం ఇళ్ళకి వెళ్తుంది, అల్లిన ముక్కలు తిరిగి వ్యాపారి దగ్గరికొచ్చి ఒకటిగా చేరతాయి. అల్లే ఆడవాళ్ళకి తమ ముక్క చివరికి ఏ వస్తువయిందో తెలియకపోవచ్చు. మీ ప్రాజెక్టు పూర్తయ్యాక ఆ వస్తువు తీసుకెళ్ళి "పిన్నిగారూ, మీరల్లింది ఇదిగోండి" అని చూపించండి. వాళ్ళ అనుమతి ఉంటే పేరు కూడా మీ పేజీలో రాయండి. పని చేసిన చేతికి పేరు దక్కాలన్నది నా మటుకు డిజైన్ చదువులో మొదటి పాఠం కావాలి.

సాంకేతిక సాయానికి విజయవాడలో కేంద్ర ప్రభుత్వ వీవర్స్ సర్వీస్ సెంటర్ ఉంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజుల్లో జరిగే ప్రదర్శనల్లో సహకార సంఘాలవాళ్ళూ కొనుగోలుదారులూ ఒకేచోట కలుస్తారు. జనం పలచబడే మధ్యాహ్నం వేళ వెళ్తే తీరిగ్గా మాట్లాడొచ్చు.

నాలుగో అడుగు: దారి చూపేవాళ్ళు ఈ రంగంవాళ్ళే కానక్కర్లేదు

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకి ఒకసారి తప్పక వెళ్ళండి. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయిన ఆ చిత్రకారుడి ప్రతిభని గుర్తించి, బొంబాయి జేజే చిత్రకళల కళాశాలకి దారి వేసింది స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు తిరిగొచ్చి సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టి మరికొందరికి నేర్పారు. మీ కాలేజీ లెక్చరరు, లైబ్రేరియను, ఎగుమతుల గుమాస్తా, వీళ్ళలో ఎవరికో ఒకరికి మీకు కావలసిన మనిషి తెలిసే ఉంటారు. మీరేం చేస్తున్నారో వాళ్ళకి తెలియనివ్వండి.

ఐదో అడుగు: స్టూడియోకి రాసే ఉత్తరం

ఇక్కడి పని చేతికొచ్చాక బయటివాళ్ళకి రాయండి. ఇరవై స్టూడియోలకి ఒకే ఉత్తరం పంపితే అది చదవగానే తెలిసిపోతుంది. నాలుగైదు చోట్లు ఎంచుకుని, వాళ్ళ పని నిజంగా చూసి, ఒక్కొక్కరికి విడిగా రాయండి. మచ్చుకి:

"నమస్కారమండీ. మాది ఆలమూరు. విజువల్ కమ్యూనికేషన్ మూడో ఏడు చదువుతున్నాను. పూతరేకులకి ఒక పెట్టె చేశాను. లోపల నెయ్యి తగిలిన చోట అట్ట మెత్తబడుతోంది. మీరు చేసిన మిఠాయి పెట్టెల్లో లోపలి పొరకి ఏం వాడారో తెలుసుకోవాలనుంది. రెండు పేజీలు జతచేశాను. వీలున్నప్పుడు ఒక్క మాట చెప్పగలరా?"

ఇందులో ఇంటర్న్‌షిప్ ఊసు లేదు. అది మూడో ఉత్తరంలో రావాలి. ప్రశ్న ఒక్కటే ఉంది, రెండు నిమిషాల్లో జవాబివ్వొచ్చు. జతచేసిన పీడీఎఫ్ ఫోనులో తేలిగ్గా తెరుచుకునే సైజులో ఉండాలి, ఫైలు పేరులో మీ పేరుండాలి. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, ఆపైన వదిలేయండి. జవాబొస్తే మాత్రం వెంటనే థాంక్స్ చెప్పి, ఆ సలహా పాటించి చూసి, ఫలితం ఫొటో పంపండి. సలహా పనిచేయకపోతే ఆ మాటే రాయండి. పనిచేసేవాళ్ళకి అదీ కావలసిన కబురే.

లింక్డ్‌ఇన్, డిజైనర్లు పని పెట్టుకునే బిహాన్స్, ఇన్‌స్టాగ్రామ్ మూడింట్లోనూ ఒకే పేరు, ఒకే ఫొటో ఉంటే చాలు. డిజైన్ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లల ప్రదర్శనలకి బయటి డిజైనర్లు వస్తుంటారు. హైదరాబాద్ ఐఐటీ, నిఫ్ట్ ప్రదర్శనలు ఎప్పుడో సీనియర్లని అడిగి వెళ్ళండి. అసోసియేషన్ ఆఫ్ డిజైనర్స్ ఆఫ్ ఇండియా హైదరాబాద్ శాఖ కార్యక్రమాలూ చూడదగ్గవే.

ఆరో అడుగు: పని ఒప్పుకునేముందు

తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు మాట ఎత్తడానికి మనవైపు మొహమాటపడతారు. వాట్సాప్‌లో నాలుగు లైన్లు చాలు: ఏం చేయాలి, ఎన్నిసార్లు మార్పులు, ఎంత, ఎప్పుడు. ఇంటర్న్‌షిప్ అయితే స్టైపెండ్ ఎంతో, ఆ పని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చో లేదో చేరేముందే అడగండి.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. బయటినుంచి చేసిచ్చినప్పుడు హక్కు బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన కాగితం ఉండాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఇక వస్తువు ఆకారాన్నో, లేసు నమూనానో డిజైన్స్ చట్టం, 2000 కింద రిజిస్టరు చేయించే ఉద్దేశం ఉంటే, దరఖాస్తుకి ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. ముందే బయటపడిన డిజైన్ కొత్తదిగా లెక్కకి రాదు. రిజిస్టరైతే పదేళ్ళు రక్షణ, మరో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు.

ఇవన్నీ నడుస్తుండగా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎవరిని కలిశారు, ఏం చెప్పారు, మీరేం సరిదిద్దారు, మళ్ళీ ఎప్పుడు చూపించారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న పేర్లన్నీ ఆదివారం ఒకసారి చూసుకోండి, ఆ వారం పని అక్కడే ఉంది. ఆ పుస్తకంలోని ఫోన్ నంబరు జూనియర్ ఎవరైనా అడిగితే, ఇచ్చేముందు అవతలివాళ్ళకి ఫోన్ చేసి, "మా జూనియర్ ఒకమ్మాయి మీతో మాట్లాడుతుందటండీ, ఇమ్మంటారా?" అని అడిగి ఇవ్వండి.