మాట్లాడే ఇంగ్లిష్ – పాఠం 14: ఉలిక్కిపడితే ఏమంటారు?

పోయిన పాఠంలో సంతోషాన్ని, మెచ్చుకోలును తెలిపే మాటలు చూశాం. ఈసారి ఉలిక్కిపడ్డప్పుడు, నమ్మలేని కబురు విన్నప్పుడు నోట్లోంచి ఊడిపడే మాటలు. వీటికి కర్తతో, కర్మతో పనిలేదు. ఎక్కడ, ఎవరి ముందు అంటున్నామన్నదే ముఖ్యం.

ముందు భయం. ఆఫీసులో మీరు కాఫీ కలుపుకుంటున్నారు. చప్పుడు చేయకుండా ఎవరో వెనక నుంచి వచ్చి పలకరించారు.

– ఓ గాష్! యూ స్కేర్డ్ మీ!
– సారీ! ఐ డిడ్‌న్ట్ మీన్ టు.

మనం ‘అమ్మో’ అనేసి ‘ఎంత హడలగొట్టావు!’ అంటాం కదా, అలాగే ఈ రెండూ జంటగా వస్తాయి. బ్రిటన్‌లో అయితే ‘యూ మేడ్ మీ జంప్’ అనడమూ మామూలే. మనవాళ్లు అనే ‘ఐ గాట్ ఫియర్’, ‘ఐ యామ్ షాక్’ మానేయండి. ‘ఐ గాట్ స్కేర్డ్’, ‘ఐ వాజ్ షాక్‌డ్’ అనాలి. ఇంకోటి, భయపడ్డవాళ్లు ‘స్కేర్డ్’, భయపెట్టేది ‘స్కేరీ’. ‘ఐ యామ్ స్కేరీ’ అంటే నన్ను చూస్తే జనం జడుసుకుంటారని మీరే చాటుకున్నట్టు!

‘యైక్స్’ కొంచెం తేలిక సరుకు. ప్రాణభయానికి కాదు, నెలాఖరులో కరెంటు బిల్లు చూసినప్పటి గుండెదడకి. చేయి జారి కాఫీ ఒలికితే ‘ఊప్స్’. అది మన చిన్న పొరపాటుకే. ఎదుటివాళ్లకి పెద్ద దెబ్బ తగిలినప్పుడు అంటే బాగుండదు. ‘ఔచ్’ నొప్పికి, భయానికి కాదు. ప్రమాదం తప్పి ఊపిరి పీల్చుకున్నాక అనేది ‘ఫ్యూ’, అచ్చంగా మన ‘హమ్మయ్య’. ‘వో’ అన్నది ఒకప్పుడు గుర్రాన్ని ఆపడానికి వాడిన కేక. ఇప్పుడు ‘ఆగాగు!’ అనడానికీ, నోరెళ్లబెట్టడానికీ అదే.

పైన ‘గాడ్’ అనకుండా ‘గాష్’ అని ఎందుకు రాశాను? దేవుడి పేరు వృథాగా పలకరాదన్నది బైబిల్ పది ఆజ్ఞల్లో ఒకటి. ఇంగ్లండులో 1606లో ఏకంగా చట్టమే చేశారు. నాటకంలో దేవుడి పేరు వేళాకోళంగా పలికితే 10 పౌండ్ల జరిమానా. నోరేమో ఊరుకోదు. అందుకని జనం పేర్లను కొద్దిగా వంచారు. ‘గాడ్’ పోయి ‘గాష్’, ‘గాలీ’. ‘జీసస్’ కుదించుకుపోయి ‘జీజ్’. ‘క్రైస్ట్’ బదులు ‘క్రైకీ’. బ్రిటిష్‌వాళ్ల ‘బ్లైమీ’ వెనక ఉన్నది ‘దేవుడు నా కళ్లు పోగొట్టుగాక’ అన్న ఒట్టు. మన ‘కళ్లు పోతాయి’కి దగ్గర చుట్టమే.

‘ఓ మై గాడ్’ ఇప్పుడు అందరూ అంటున్నారు, నిజమే. దాని పొట్టిరూపం ‘ఓఎంజీ’ సెల్‌ఫోన్ పిల్లల సృష్టి అనుకుంటారు గానీ, 1917లోనే బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఫిషర్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో వాడాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరింది మాత్రం 2011లో. అయినా భక్తి గల క్రైస్తవుల ముందు ‘ఓ మై గుడ్‌నెస్’ అనడం మర్యాద. ‘జీజ్’ కూడా కొందరికి గుచ్చుకుంటుంది. అమెరికాకి కొత్తగా వెళ్లినవాళ్లు ముందు ‘గాష్’, ‘వావ్’లతో సరిపెట్టుకుంటే క్షేమం. అక్కడ ఎవరైనా ‘హోలీ కౌ!’ అంటే మన గోమాతను ఎగతాళి చేస్తున్నారనుకోకండి. బేస్‌బాల్ కామెంటేటర్ల నోట మోగి మోగి ఇంటింటికీ చేరిన కేక అది.

ఇక ఆశ్చర్యం. మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. మీకు ప్రమోషన్ వచ్చిందని చెప్పగానే అమెరికన్ స్నేహితురాలు ‘షటప్!’ అంటుంది. ఇంకొకడు ‘గెట్ అవుట్!’ అంటాడు. మొహం మాడ్చుకోకండి, లేచి వెళ్లిపోకండి. ‘ఛ, ఊరుకో!’, ‘పోవోయ్!’ అని మనం అనమూ? ‘నో వే!’, ‘యూ ఆర్ కిడింగ్!’ కూడా ఆ వరసలోవే. జవాబుగా నవ్వుతూ ‘ఐ యామ్ సీరియస్!’ అంటే చాలు. అయితే ‘షటప్’ బాగా చనువున్నచోటే. పైఅధికారితో అంటే ప్రమోషన్ మాట దేవుడెరుగు!

మాట ఎంత ముఖ్యమో గొంతూ అంతే ముఖ్యం. ‘రియల్లీ’ని చివర్లో పైకి లేపి అనండి, ఆశ్చర్యం. చప్పగా కిందికి దించి అనండి, ‘నీ మాట నమ్మను’ అన్నట్టు వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని రెండూ వినండి, తేడా మీకే తెలుస్తుంది.

అభ్యాసం: ఈ మూడింటికీ ఏమంటారో పైకి అని, తర్వాత ఇంకో వాక్యం జోడించండి. బస్సు కదిలే క్షణంలో ఎక్కేశారు. పక్కింటి పెద్దావిడ తన వయసు 90 అని చెప్పింది. తప్పు గ్రూపులో మెసేజ్ పెట్టేశారు. జవాబులు 15వ పాఠంలో, విసుగూ చిరాకూ తెలిపే మాటలతో పాటు.