దద్దుర్లకూ ఓ లెక్కుంది: ఏడు రోజుల స్కోరు రాసే పద్ధతి

ఒంటి మీద దద్దుర్లు లేవడం, గంటల్లో అణిగిపోవడం, రాత్రికి మళ్ళీ ఇంకోచోట తేలడం. ఇది ఆరు వారాలు దాటితే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. దీంతో పెద్ద చిక్కేమిటంటే, డాక్టరు ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లో ఒంటి మీద ఒక్కటి కూడా కనిపించకపోవచ్చు. "బాగా వస్తున్నాయండీ" అన్న ఒక్క మాటను బట్టి మందు పెంచాలో, మార్చాలో, తగ్గించాలో తేల్చడం ఎవరికైనా కష్టమే. అందుకే కొత్త మందులను పరీక్షించే పరిశోధకులు వాడే కొలతనే మనమూ ఇంట్లో వాడుకోవాలి. దాని పేరు యూఏఎస్7, అంటే ఏడు రోజుల అర్టికేరియా (దద్దుర్ల) యాక్టివిటీ స్కోరు. ఒక నోటుబుక్కు, పెన్ను, రోజుకు రెండు నిమిషాలు చాలు.

ముందుగా ఒక జాగ్రత్త. నాలుక గానీ గొంతు గానీ వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోతున్నట్టున్నా లెక్కలు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

అవి దద్దుర్లేనా?

కొత్తగా లేచిన మూడు దద్దుర్ల చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. మామూలు దద్దు 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంది. గీత మిగులుతుంది, దద్దు ఉండదు. దద్దు అక్కడే 24 గంటలు దాటి ఉన్నా, దురద కంటే నొప్పి, మంట ఎక్కువగా ఉన్నా, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలినా అది చర్మంలోని సన్నటి రక్తనాళాల జబ్బు కావచ్చు. అప్పుడు చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీ చేయాల్సి వస్తుంది. ఈ గీత పరీక్షకు పైసా ఖర్చు లేదు గానీ, దీన్ని చేసుకుని వచ్చేవాళ్ళు తక్కువ.

ఫోటో కూడా తీయండి. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా పడదు. కాబట్టి ఫ్లాష్ ఎదురుగా కాకుండా టార్చి పక్కనుంచి వేస్తే ఉబ్బు నీడతో సహా తెలుస్తుంది. పక్కన ఎప్పుడూ ఒకే రకం నాణెం పెడితే సైజు కూడా తెలుస్తుంది.

స్కోరు వేసే తీరు

రోజూ ఒకే వేళకు, అంటే రాత్రి పడుకునే ముందు, గడిచిన 24 గంటల్లో ఏం జరిగిందో రెండు అంకెల్లో రాయాలి.

మొదటి అంకె దద్దుర్లది. ఒక్కటీ లేకపోతే 0. ఇరవై లోపు ఉంటే 1. ఇరవై నుంచి యాభై దాకా ఉంటే 2. యాభై దాటినా, లేదా ఒకదానితో ఒకటి కలిసిపోయి అట్ట కట్టినట్టు పెద్ద మేర ఉబ్బినా 3.

రెండో అంకె దురదది. లేకపోతే 0. ఉంది గానీ పట్టించుకోనక్కర్లేదంటే 1. చిరాకు పెడుతున్నా పనికీ నిద్రకూ అడ్డం రాకపోతే 2. పని చెడినా, నిద్ర పట్టకపోయినా 3.

రెండూ కలిపితే రోజుకు ఎక్కువలో ఎక్కువ 6, వారానికి 42. వారం మొత్తం 0 వస్తే జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నట్టు. 1 నుంచి 6 అయితే బాగానే అణిగినట్టు. 7 నుంచి 15 స్వల్పం, 16 నుంచి 27 మధ్యస్థం, 28 నుంచి పైకి తీవ్రం.

ఇంత సులువైన లెక్క కూడా తప్పుతుంది. అన్నిటికంటే ఎక్కువగా తప్పేది వారమంతా వదిలేసి ఆదివారం కూర్చుని ఏడు రోజులూ గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల. చివరి రోజు ఎలా ఉందో మిగతా ఆరు రోజులూ అలాగే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకో పొరపాటు తెల్లవారుజామున వచ్చి పొద్దున్నకే పోయిన వాటిని వదిలేయడం. దద్దుర్లు చాలామందికి రాత్రిపూటే ఎక్కువ, వాటిని తప్పకుండా కలపాలి. గోకిన గీతల్ని దద్దుర్లుగా లెక్కపెట్టకండి. బిళ్ళ వేసుకున్నాను కాబట్టి ఈ రోజు లెక్కలోకి రాదనుకోకండి. మందు మీద ఉండగా ఎంత వచ్చిందన్నదే డాక్టరుకు కావలసింది.

పెదవి, కనురెప్ప, అరచేయి ఉబ్బడం ఈ స్కోరులోకి రాదు. దానికి వేరే గడి గీసి ఎక్కడ వాచింది, ఎన్ని గంటలుంది అని రాయండి. వాపు మాత్రమే వచ్చి దద్దుర్లు అసలు రాకపోతే, బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతున్నారేమో మొట్టమొదట చూసుకుని డాక్టరుకు చెప్పాలి. ఆ బీపీ మందుల వల్ల వచ్చే వాపు కారణం వేరు, దానికి దద్దుర్ల బిళ్ళ పనిచేయదు.

ఇంకేం రాయాలి

వేసుకున్న మందు పేరు, మిల్లీగ్రాములు, వేళ. జ్వరం, జలుబు. ఆడవాళ్ళయితే నెలసరి తేదీలు. అన్నిటికంటే ముఖ్యం నొప్పి బిళ్ళలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఈ జబ్బున్న వాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి దద్దుర్లను ఎగదోస్తాయి. పారాసిటమాల్ చాలామందికి పడుతుంది.

తిండికి రోజువారీ గడి పెట్టొద్దని మా గట్టి సలహా. వంకాయ, గోంగూర, చేప, గుడ్డు అంటూ ఒక్కొక్కటీ మానేసి చివరికి చారన్నం మీద బతికేవాళ్ళున్నారు, దద్దుర్లు మాత్రం మానలేదు. తిండి ఎలర్జీ అయితే తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు, తిన్న ప్రతిసారీ వస్తుంది. ఏం తిన్నా తినకపోయినా వస్తుంటే కారణం కంచంలో లేదు. వేల రూపాయలు పోసి వంద పదార్థాలకు రక్తపరీక్ష చేయించుకోవడం ఇక్కడ దండగ.

మరి కారణం ఎక్కడుంది? చర్మంలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడంతో దద్దు లేస్తుంది. ఆ కణాల మీద ఐజీఈ (ఎలర్జీల్లో పనిచేసే ప్రతిరక్షకం) అతుక్కునే గ్రాహకాన్ని తట్టిలేపే ప్రతిరక్షకాలు కొందరు రోగుల రక్తంలోనే ఉన్నాయని 1993లో లండన్ కేంద్రంగా మాల్కమ్ గ్రీవ్స్ బృందం చూపించింది. సొంత ఒంట్లోని ప్రొటీన్ల మీదే ఐజీఈ తయారయ్యేవాళ్ళు ఇంకో గుంపు. అందుకే ఇప్పుడు నిపుణులు అడిగే పరీక్షలు కొన్నే: రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ, మొత్తం ఐజీఈ, థైరాయిడ్‌కు సంబంధించిన యాంటీ టీపీఓ.

బయటి నుంచి రేగే దద్దుర్లు

లంగా బొందు, బెల్టు, బ్యాగు పట్టీ ఒరుసుకున్నచోటే వస్తున్నాయా? పెన్ను మూతతో ముంజేతి మీద ఓ మాదిరిగా గీయండి. పది నిమిషాల్లో దురదతో పాటు గీత ఉబ్బితే రాపిడి దద్దుర్లని అనుమానించాలి. చలికాలం పొద్దున్నే బండి మీద వెళ్ళినా, చన్నీళ్ళు పోసుకున్నా వస్తే ఐసుముక్క పరీక్ష చేస్తారు: పల్చటి ప్లాస్టిక్ సంచిలో ఐసు వేసి ముంజేతి మీద 5 నిమిషాలు ఉంచి, తీసిన 10 నిమిషాలకు చూస్తారు. ఇది క్లినిక్‌లోనే చేయించుకోండి. చలికి దద్దుర్లు వచ్చేవాళ్ళు చల్లటి బావిలోకో చెరువులోకో ఒక్కసారిగా దూకితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ పరీక్షలకు ముందు ఎలర్జీ బిళ్ళలు ఎన్నాళ్ళు ఆపాలో అడగండి, లేకపోతే ఉన్న జబ్బు కూడా లేనట్టు వస్తుంది.

స్కోరును బట్టి మందు

మొదటి మెట్టు మత్తు తక్కువగా ఉండే ఎలర్జీ బిళ్ళ: సెట్రిజిన్ 10, లెవోసెట్రిజిన్ 5, ఫెక్సోఫెనడిన్ 180, బిలాస్టిన్ 20 మిల్లీగ్రాముల్లో ఒకటి. దద్దుర్లు లేచాక వేసుకునే మందు కాదిది, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. హిస్టమిన్ రాకముందే దాని చోటును మందు ఆక్రమించి ఉండాలి. లేచాక వేసుకుంటే సగం పని అప్పటికే జరిగిపోయినట్టు.

ఫెక్సోఫెనడిన్‌ను బత్తాయి రసంతోనో యాపిల్ రసంతోనో మింగితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. మంచినీళ్ళతోనే వేసుకోండి. బిలాస్టిన్ తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత.

రెండు నుంచి నాలుగు వారాల్లో స్కోరు దిగకపోతే, డాక్టరు అదే బిళ్ళను నాలుగు రెట్ల దాకా పెంచవచ్చు. ఇక్కడ మన దగ్గర తరచూ జరిగే ప్రమాదం ఒకటుంది. షాపులో దొరికే లెవోసెట్రిజిన్ బిళ్ళల్లో చాలావాటిలో మాంటెలూకాస్ట్ కలిసి ఉంటుంది. అది తెలియక నాలుగు వేసుకుంటే మాంటెలూకాస్ట్ కూడా నాలుగింతలు పడుతుంది. అది మనసునూ నిద్రనూ దెబ్బతీయగలదని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివాకే పెంచండి. కిడ్నీ జబ్బుంటే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ మోతాదు పెంచడం కాదు, తగ్గించాలి.

ప్రతిసారీ ఏవిల్, డెక్సామెథసోన్ (ఇది స్టెరాయిడ్) ఇంజెక్షన్లు వేయించుకుని రెండు రోజులు హాయిగా ఉండటం అలవాటు కానీయకండి. స్టెరాయిడ్ మరీ తప్పనిసరైతే పది రోజుల లోపే, రోజూ వాడే మందుగా ఎప్పుడూ కాదు.

అప్పటికీ స్కోరు పైనే ఉంటే ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. దద్దుర్లకు దీనికి అమెరికా, యూరప్‌లలో అనుమతి 2014లో వచ్చింది. కొందరికి మొదటి నెలలోనే తేడా తెలుస్తుంది, కొందరికి ఆరు నెలలు పట్టవచ్చు. ఐజీఈ బాగా తక్కువగా, యాంటీ టీపీఓ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఆలస్యంగా పనిచేయడమో, చేయకపోవడమో ఎక్కువ. 2025లో అమెరికాలో డూపిలుమాబ్ ఇంజెక్షన్‌కు, రెమిబ్రూటినిబ్ అనే నోటి మాత్రకు కూడా అనుమతి వచ్చింది.

కొత్త మందు వార్త చదివినప్పుడు మూడు విషయాలు వెతకండి: మొదట్లో రోగుల స్కోరెంత, 12 వారాలకు ఎంత దిగింది, మందు లేని డమ్మీ తీసుకున్నవాళ్ళకు ఎంత దిగింది. సుమారు 10 పాయింట్లు దిగితేనే మనిషికి తేడా తెలుస్తుందని తేల్చారు. ఎంతమంది 0కి చేరారన్నది ఇంకా మంచి అంకె. ఎవరైనా మిమ్మల్ని ప్రయోగంలో చేరమంటే సీటీఆర్ఐ (మన దేశంలో మందుల ప్రయోగాలను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు నంబరు అడిగి తీసుకోండి. ఒప్పందపత్రం తెలుగులో ఇవ్వమనండి. చాలా ప్రయోగాలకు 16 లేదా ఆపై స్కోరు కావాలి, మీ నోటుబుక్కు అక్కడా పనికొస్తుంది.

కనీసం మూడు నెలలు వరసగా 0 వచ్చాక తగ్గించే మాట డాక్టరుతో ఎత్తండి. రోజుకు నాలుగు బిళ్ళలు వేసుకుంటుంటే నెలకు ఒకటి చొప్పున తగ్గించి, తగ్గించిన నెలంతా స్కోరు రాయాలి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొద్దిమందికి ఒళ్ళంతా భరించలేని దురద పుడుతుంది, జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. అప్పుడు నోటుబుక్కు చూడండి: దురద గడిలో 3, దద్దుర్ల గడిలో 0 ఉంటే అది మందు ఆపినందువల్ల వచ్చిన దురద కావచ్చు. ఆ పేజీ డాక్టరుకు చూపించి, మందును మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా దింపాలా అని అడగండి.