విస్కీకి తిండి కుదరడం లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

బాగోలేదని మూలకు నెట్టేసిన విస్కీ సీసాల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. పక్కన ప్లేటులో ఉన్నదే దాని రుచిని చెడగొట్టి ఉంటుంది. వైన్‌కి తిండి జత చేసే పద్ధతుల్నే విస్కీకి అంటగట్టడం వల్ల వచ్చే చిక్కులే ఎక్కువ. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం ఉంటే, విస్కీలో 40, ఆ పైన. వైన్‌లో ఉండే పులుపు విస్కీలో దాదాపు ఉండదు. విస్కీని ఏళ్ల తరబడి ఉంచే ఓక్ చెక్క పీపా నుంచి దిగిన వనిల్లా వాసన తీపిని గుర్తుచేస్తుంది గానీ, చక్కెర కూడా లేనట్టే.

మీ సమస్య ఏదైనా, సరిచేసుకునే వరస మాత్రం దాదాపు ఒకటే: ముందు నీళ్లు, తర్వాత విస్కీ ఎంత చల్లగా ఉందన్నది, తర్వాత తిండి. సీసా మార్చే ఆలోచన అన్నిటికన్నా చివర. పరీక్ష కూడా తేలికే. ముందు విస్కీ ఒక చిన్న గుటక విడిగా తాగండి. తర్వాత తిండి ఒక ముక్క తిని, మింగాక, మళ్లీ ఒక గుటక. రెండో గుటకలో ఏది పెరిగింది, ఏది మాయమైంది అన్నది గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

నోరంతా మంట, రుచే తెలియడం లేదు

మొదటి అనుమానం మిరపకాయ మీదే. వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి మన నోట్లో ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర 'కాలుతోంది' అని మెదడుకు కబురు పెడుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ కదిలించేది దీన్నే. ఆల్కహాల్ వచ్చి ఆ హద్దును 34 డిగ్రీల దాకా దించేస్తుంది. మన ఒంటి వేడి 37 కదా, అంటే ఇక బయటి వేడి అక్కర్లేకుండానే నోరు కాలినట్టు ఉంటుంది.

పొగలు కక్కే తిండి, కారం లేకపోయినా, విస్కీతో మండేది ఇందుకే. దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు, కాసేపు ఆరనిస్తే చాలు.

కారం తగ్గించడం కుదరకపోతే విస్కీని పల్చన చేయండి. 40 శాతం విస్కీకి సమానంగా నీళ్లు పోస్తే 20 శాతానికి దిగుతుంది. ఇక్కడ సోడా వద్దు, దాని చురుకు మంటకి ఇంకాస్త తోడవుతుంది. మధ్యమధ్య మెత్తటి చీజ్ ముక్క తింటే మేలు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నోట్లోంచి దించేస్తుంది. నిమ్మరసం, వెనిగర్ గట్టిగా పట్టించిన వంటకాలు కూడా విస్కీతో చురుక్కుమంటాయి, వాటిలో పులుపు సగం చేసి చూడండి.

కారమూ లేదు, వేడీ లేదు, పులుపూ లేదు, అయినా మంటే అంటారా? సీసా మీద శాతం చూడండి. 'కాస్క్ స్ట్రెంగ్త్' అని ఉంటే పీపాలోంచి తీసినదాన్ని నీళ్లు కలపకుండా నింపారని అర్థం. అందులో 55, 60 శాతం ఉండటం మామూలే. 58 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 43 శాతం దగ్గరికి వస్తుంది. నీళ్లు కలపడం నేరమన్నట్టు చూసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల చేతిలోని 40 శాతం సీసాలో కూడా నింపేముందు కంపెనీవాళ్లు నీళ్లు కలిపే ఉంటారు.

స్వీట్ తిన్నాక విస్కీ చేదుగా ఉంది

తీపికి అలవాటు పడిన నాలుకకు, చక్కెర లేని విస్కీలో చేదు, వగరు, ఘాటు మాత్రమే మిగులుతాయి. విస్కీలో తోచే తీపి నిజానికి ముక్కుకు తెలిసే తీపి. అసలు చక్కెర పక్కనే ఉంటే అది నిలబడలేదు. పాకంలో నానిన స్వీట్లు, ఐస్‌క్రీమ్ పక్కన పెట్టండి. 70 శాతం డార్క్ చాక్లెట్, వేయించిన బాదం, వెన్న ఎక్కువ తీపి తక్కువ ఉన్న బిస్కెట్ పనికొస్తాయి. వీటికి బూర్బన్ అనే అమెరికన్ విస్కీ బాగా కుదురుతుంది. అందులో మొక్కజొన్న కనీసం 51 శాతం, పీపా కొత్తది, లోపల కాల్చినది, అందుకే వనిల్లా వాసన అంత ఎక్కువ. షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాలో పెట్టిన విస్కీకి ఎండుద్రాక్ష, అంజీర్ సరిపోతాయి. అవి కూడా తక్కువగానే.

మందుల వాసన, పొగ తప్ప ఇంకేమీ తెలియడం లేదు

మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కలతో ఏర్పడే మట్టి లాంటి ఇంధనం) పొగలో ఆరబెట్టి చేసిన విస్కీ అయితే ఇలాగే ఉంటుంది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపం నుంచి వచ్చే ఆర్డ్‌బెగ్, లఫ్రోయిగ్, లాగవూలిన్ ఈ రకానివి. వాటికి ఉడికించిన చికెన్ లాంటి చప్పటి తిండి జత చేస్తే తిండి మాయమవుతుంది.

'ముందు నీళ్లు' అన్న వరస ఇక్కడ ఒక్కచోట తిరగబడవచ్చు. పొగ వాసననిచ్చే వాటిలో గ్వాయకాల్ ఒకటి. స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో దీన్ని పరిశీలించారు. ఆల్కహాల్ 45 శాతం లోపు ఉంటే గ్వాయకాల్ ద్రవం పైపొరలో చేరుతుంది, 59 శాతం దాటితే లోపలికి వెళ్లిపోతుంది. అందుకే గాఢమైన పొగ విస్కీలో నీళ్లు పోయగానే పొగ ఇంకా పైకి లేచినట్టు అనిపిస్తుంది. కాబట్టి ఈ ఒక్క సమస్యకి తిండితోనే మొదలుపెట్టాలి.

కావలసింది ఉప్పు, కొవ్వు. ఉప్పు చేదును అణుస్తుంది, కొవ్వు నాలుక మీద పరుచుకుని ఘాటును మెత్తబరుస్తుంది. బ్లూ చీజ్ (నీలి బూజు చారలుండే ఘాటైన చీజ్), ఆయిస్టర్లు (ఆల్చిప్పల మాంసం), పొగబెట్టిన సాల్మన్ చేప, ఈ మూడూ పొగ విస్కీకి దీటుగా నిలబడతాయి. నిప్పుల మీద నల్లగా మాడేదాకా కాల్చిన మాంసం మాత్రం నా లెక్కలో దీనికి జత కాదు. రెండు మాడు వాసనలు కలిసి బూడిద రుచి వస్తుంది. ఆ మాంసానికి షెర్రీ పీపా విస్కీ పోయండి. రెండు మూడు రకాలు తాగేటట్టయితే పొగ ఉన్నదాన్ని చివర ఉంచండి, దాని తర్వాత ఏది తాగినా పొగే.

నోరు ఎండిపోయి వగరుగా ఉంది

ఓక్ పీపాలో ఎక్కువ ఏళ్లు ఉన్న విస్కీలో టానిన్లు (చెక్క నుంచి దిగే వగరు పదార్థాలు) ఎక్కువ. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, అందుకే నోరు ఎండినట్టు ఉంటుంది. వాల్‌నట్ పొట్టులోనూ అవే ఉంటాయి కాబట్టి రెండూ కలిస్తే వగరు రెట్టింపు. మాంసమో, ముదురు చీజో ఇవ్వండి, టానిన్లకి పట్టుకోవడానికి ఇంకో ప్రొటీన్ దొరుకుతుంది.

చీజ్, చాక్లెట్ నోట్లో మైనంలా అంటుకుంటున్నాయి

ఐస్ పనే. చాక్లెట్‌లోని కోకో వెన్న కరగాలంటే ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. చల్లటి గుటక పడగానే గట్టిపడి పళ్లకి పట్టుకుంటుంది. పైగా చల్లదనానికి విస్కీ వాసన కూడా ముడుచుకుపోతుంది. ఐస్ తీసేసి గది ఉష్ణోగ్రతలోనే తాగండి. (ఐస్ వేయగానే విస్కీ మసకబారితే భయపడకండి. వడకట్టకుండా వదిలిన కొవ్వు లాంటి పదార్థాలు (కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు) చల్లదనానికి కరగకుండా విడిపోవడమే అది, చెడిపోవడం కాదు.)

వేపుళ్లతో తాగితే జిడ్డుగా, బరువుగా ఉంది

ఇక్కడ ఐస్, సోడా రెండూ కావాలి. ఒక వంతు విస్కీకి మూడు నాలుగు వంతుల చల్లటి సోడా, జపాన్‌లో హైబాల్ అని తాగేది ఇదే. విస్కీ తేలికైనదైతే చాలు, ఖరీదైన సీసా తెరవడం దండగ.

మొదట బాగుంది, తర్వాత అన్నీ ఒకేలా ఉన్నాయి

ముక్కు, నాలుక రెండూ అలసిపోయాయి. ఉప్పటి తిండి దాహం పెంచుతుంది, ఆ దాహం విస్కీతో తీర్చుకుంటే గుటకలు పెద్దవవుతాయి. ప్రతి జతకీ 15 మిల్లీలీటర్లు మించి పోయకండి, మధ్యలో ఉప్పు లేని బ్రెడ్ ముక్క, నీళ్లు ఉంచండి. తిండితో తాగితే ఎక్కదనుకోవడం పొరపాటు. కడుపు నిండుగా ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, అంతేగానీ పోసిన మోతాదు ఎక్కడికీ పోదు.