విదేశంలో పొదుపుగా, ఆరోగ్యంగా తినడం – 2వ పాఠం: ముందు నీళ్ళు, తర్వాత గింజలు

గత పాఠంలో చెప్పిన పని చేసినవాళ్ళ దగ్గర ఇప్పుడు ఒక వారం ఖర్చు చిట్టా ఉంటుంది. అందులో నీళ్ళ సీసాలకు ఎంత పోయిందో విడిగా కూడండి. కొందరికి ఆ మొత్తం కూరగాయల ఖర్చును మించి ఉంటుంది. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగదగ్గ ఊళ్ళో ఉంటూ వారం వారం సీసాలు మోసుకొచ్చేవాళ్ళు చాలామంది. కుళాయిని నమ్మకూడని ఊళ్ళో, పక్కింటివాళ్ళు తాగుతున్నారు కదా అని తాగి మంచం పట్టేవాళ్ళూ ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ళకు అలవాటుపడ్డవాళ్ళ కడుపు వేరు, నిన్న దిగిన మీ కడుపు వేరు. కాబట్టి ఫిల్టర్ ఏది కొనాలి అన్నది మొదటి ప్రశ్న కాదు. మీ ఇంటి నీళ్ళలో అసలు లోపమంటూ ఉంటే అది ఏ రకమైనదో తేల్చుకోవడమే మొదటి పని.

లోపం ఏ రకం?

నీళ్ళలో ప్రాణమున్న శత్రువులు ఉండవచ్చు: బ్యాక్టీరియా, వైరస్‌లు, జియార్డియా లాంటి పరాన్నజీవులు. ఇవి గంటల్లోనో వారాల్లోనో పడగొడతాయి. కరిగి ఉన్న విషాలు ఉండవచ్చు: సీసం, ఆర్సెనిక్, నైట్రేట్, మోతాదు మించిన ఫ్లోరైడ్. వీటిలో ఎక్కువభాగం ఏళ్ళ తరబడి లోపల పేరుకుని హాని చేస్తాయి. ఇక క్లోరిన్ వాసన, సున్నపు పొలుసు అనేవి కేవలం చికాకులు. విచిత్రమేమిటంటే జనం బెదిరేది ఈ చికాకులను చూసే. ముక్కుకూ కంటికీ ముందుగా దొరికేవి ఇవే కదా!

కెటిల్ సంగతే చూడండి. నెల తిరగకముందే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. టీ పైన సన్నని మీగడలాంటి తెట్టు తేలుతుంది. అది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. ఆరోగ్యానికి హాని లేదు. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి పోసి ఒక పొంగు రానిచ్చి గంటసేపు వదిలేస్తే పెచ్చు బుడగలు కక్కుతూ ఊడిపోతుంది. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగితే సరి. దీనికోసం ఖరీదైన యంత్రం అమ్మజూపేవాళ్ళకు నమస్కారం పెట్టి పంపించండి. క్లోరిన్ వాసనకైతే మూత లేని జగ్గులో నీళ్ళు నింపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరిన్‌కు అమ్మోనియా కలిపిన క్లోరమైన్ వాడే ఊళ్ళలో మాత్రం అంత తేలిగ్గా వదలదు, అక్కడ కార్బన్ ఫిల్టర్ పనికొస్తుంది.

అసలు లోపం తెలుసుకోవడానికి మొదట చూడవలసింది నీటి సరఫరా సంస్థ ప్రకటించే నాణ్యత నివేదిక. చాలా దేశాల్లో ఇది ఏటా వస్తుంది, ఉచితంగా చదువుకోవచ్చు. తర్వాత ఇంటి యజమానిని రెండు ప్రశ్నలు అడగండి: భవనం ఎప్పటిది, నీళ్ళు నేరుగా వస్తాయా లేక ట్యాంకులో నిలవ ఉండి వస్తాయా? శుద్ధి కేంద్రం నుంచి చక్కగా బయల్దేరిన నీళ్ళు కూడా మూతలేని ట్యాంకులోనో, సీసపు గొట్టంలోనో చెడిపోతాయి. బావి నీళ్ళయితే ఊహలు వద్దు, పరీక్ష చేయించవలసిందే.

పాత భవనంలో ఉంటే ఒక అలవాటు చేసుకోండి. తాగడానికీ వండడానికీ చన్నీళ్ళ కుళాయి మాత్రమే వాడాలి. వేడినీళ్ళు గొట్టాల్లోని సీసాన్ని ఎక్కువగా కరిగించుకుంటాయి. అన్నం త్వరగా ఉడుకుతుందని వేడినీళ్ళ కుళాయి తిప్పడం అందుకే తప్పు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళను పొద్దున్నే తాగవద్దు. ఆ నీళ్ళతో గిన్నెలు కడగండి, స్నానం చేయండి. బాగా పారాక వచ్చే చల్లటి నీళ్ళు పట్టుకోండి. ఇవి ముందుజాగ్రత్తలు మాత్రమే, సీసం ఉందని తేలితే అందుకోసమే ధ్రువీకరించిన ఫిల్టర్ కావాలి.

మరగబెట్టడం

క్రిములకు ఇంతకన్నా నమ్మకమైన మందు లేదు, కానీ సగం మంది దాన్ని సగంలో ఆపేస్తారు. గిన్నె అడుగున చిన్న బుడగలు అంటుకుని కనిపించడం మరగడం కాదు. ఆవిరి లేవడమూ కాదు. నీళ్ళు అడుగు నుంచి పైకి కళపెళ తిరగబడుతూ, గరిటె పెట్టి కలిపినా ఆగకుండా పొంగుతుంటే అది మరగడం. అక్కడి నుంచి 1 నిమిషం. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న ఊళ్ళో ఉంటే 3 నిమిషాలు. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి కాబట్టి ఆ అదనపు సమయం కావాలి. అరగంట మరిగించడం గ్యాసు దండగ.

నీళ్ళు మసకగా ఉంటే ముందు తేర్చి, శుభ్రమైన దళసరి గుడ్డలో వడకట్టండి. మరిగాక మూతపెట్టి అదే గిన్నెలో చల్లారనివ్వాలి. తర్వాత ఇరుకు మూతి ఉన్న పాత్రలోకి వంపుకోవాలి. ఇంత శ్రమపడి మరిగించిన నీళ్ళలో గ్లాసు ముంచి, దానితోపాటు వేళ్ళు ముంచితే పడిన శ్రమంతా ఆ వేళ్ళతోనే పోతుంది. చప్పగా అనిపిస్తే రెండు పాత్రల మధ్య నాలుగుసార్లు ఎత్తి పోయండి.

ఒక హెచ్చరిక: మరగడం వల్ల సీసం, ఆర్సెనిక్, నైట్రేట్ పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అవి చిక్కబడతాయి కూడా. లోపం ఏ రకమో ముందు తేల్చుకొమ్మన్నది ఇందుకే.

పొయ్యి లేనప్పుడు

వాసన, రంగు, సబ్బు ఏదీ కలపని మామూలు బ్లీచ్, అంటే 5–6 శాతం సోడియం హైపోక్లోరైట్ అని చీటీ మీద ఉన్నది, లీటరుకు 2 చుక్కలు. మసక నీళ్ళకు 4. కలిపి 30 నిమిషాలు ఆగాలి. మూత తీస్తే లేశంగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మళ్ళీ వేసి 15 నిమిషాలు ఆగండి. క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి మాత్రం క్లోరిన్‌కు లొంగదు. దానికి మరగబెట్టడమో, సన్నని రంధ్రాల ఫిల్టరో కావాలి.

అదీ లేదంటే ఎండ ఉంది. రంగులేని, గీతలు పడని 2 లీటర్లలోపు పెట్ (PET) ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్ళు నింపి ఎర్రటి ఎండలో 6 గంటలు పడుకోబెట్టాలి. ఆకాశం సగానికి మించి మబ్బు పట్టి ఉంటే వరసగా 2 రోజులు. నిండు సీసాను పత్రిక శీర్షిక మీద నిలబెట్టి, మూతి వైపు నుంచి చూస్తే అక్షరాలు చదవగలగాలి. చదవలేకపోతే ఆ నీళ్ళు ఎండకు లొంగనంత మసకగా ఉన్నట్టే.

ఫిల్టర్ కొనేముందు

కార్బన్ జగ్గు రుచినీ వాసననీ బాగుచేస్తుంది, క్రిములను ఆపదు. 0.1 లేదా 0.2 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రంధ్రాల ఫిల్టర్ బ్యాక్టీరియానూ పరాన్నజీవులనూ ఆపుతుంది. అంతకన్నా చిన్నవైన వైరస్‌లు జారిపోతాయి. అతినీలలోహిత దీపం క్రిములన్నిటి మీదా పనిచేస్తుంది కానీ తేట నీళ్ళలోనే, కరిగిన విషాలకు దాని వల్ల ప్రయోజనం లేదు. ఆర్‌ఓ, అంటే నీళ్ళను ఒత్తిడితో అతిసన్నని పొర గుండా పంపే యంత్రం, కరిగినవాటిని కూడా చాలావరకు తీసేస్తుంది. ఆ పనిలో బోలెడు నీళ్ళు పారబోస్తుంది. ఏది కొన్నా లోపలి గుళిక (కార్ట్రిడ్జ్) మార్చే గడువును, దాని ధరను ముందే చూడండి. యంత్రం చవగ్గా ఇచ్చి గుళికల్లో రాబట్టుకోవడం ఈ వ్యాపారపు కిటుకు. గడువు దాటిన కార్బన్ గుళిక బ్యాక్టీరియాకు స్థావరమవుతుంది.

మంచుగడ్డలు ఏ నీళ్ళతో చేశారో ఆ నీళ్ళతో సమానం. గడ్డకట్టడం క్రిములను చంపదు.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా విరేచనాలు పట్టుకుంటే, శుభ్రమైన లీటరు నీళ్ళలో చెంచా అంచుకు సమంగా కొలిచిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, ఉజ్జాయింపు వద్దు. రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం తగ్గినా వైద్యుణ్ణి చూడాలి.

ఇక గింజలు

నీళ్ళ ఖర్చులో మిగిలినదాన్ని ఇప్పుడు పప్పులూ చిక్కుడు గింజల మీద పెడదాం. ఏ దేశంలో దిగినా దాదాపు తప్పక దొరికేవి, ఫ్రిజ్ లేకుండా నిలవ ఉండేవి, 100 గ్రాముల ఎండుగింజలకు సుమారు 20–25 గ్రాముల మాంసకృత్తులిచ్చేవి ఇవే. ఉడికితే బరువు రెట్టింపు దాటుతుంది. డబ్బాలో ఉడికించి అమ్మే గింజలకు మీరు చెల్లించేది చాలావరకు నీళ్ళకూ రేకుకూ. పనిరోజుల్లో డబ్బా తెరవడం తప్పేమీ కాదు, కానీ సెలవురోజు ఒక కుండెడు ఉడికించి చిన్న డబ్బాల్లో గడ్డకట్టిస్తే అదే సౌకర్యం తక్కువకు దొరుకుతుంది.

గట్టి గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఉడికించండి. రాజ్మా విషయంలో ఇది సలహా కాదు, నియమం. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపు మాంసకృత్తి వల్ల నాలుగైదు గింజలకే తీవ్రమైన వాంతులు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానాలి, తర్వాత కళపెళ మరిగే నీళ్ళలో కనీసం 10 నిమిషాలు ఉడకాలి. 30 నిమిషాలైతే ఇంకా నిశ్చింత. ఆ పైన మెత్తబడేదాకా సన్నని మంట మీద ఉంచుకోవచ్చు. నెమ్మదిగా ఉడికించే విద్యుత్ కుక్కర్లో పచ్చివి నేరుగా పోయవద్దు. అందులోని వేడి ఆ విషాన్ని చంపేంత ఎక్కదు, సగం ఉడికిన గింజ పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఎర్ర కందిపప్పులాంటి సన్నని పప్పులకు ఈ గొడవ లేదు, కడిగి పొయ్యిమీద పెట్టడమే.

ఎంతసేపైనా గింజ మెత్తబడటం లేదా? కెటిల్లో పెచ్చు కట్టించిన ఆ కాల్షియమే ఇక్కడా అడ్డు. గింజ పైపొరలో జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టి గట్టిపరుస్తుంది. నానబెట్టే నీళ్ళలో చిటికెడు వంటసోడా వేయండి, టమాటా, నిమ్మరసం లాంటి పులుపు గింజ ఉడికిన తర్వాతే కలపండి. అప్పటికీ ఉడకకపోతే గింజలు మరీ పాతవన్నమాట, దుకాణం మార్చండి.

గింజలకు తోడుగా అన్నం ఎక్కువగా వండుకునేవాళ్ళకు ఒక మాట. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిమిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పలచగా పరచి, గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. మర్నాటికల్లా తినేయండి.

ఈ వారం పని: మీ నీటి నివేదిక సంపాదించి, సీసం, నైట్రేట్ వరసల్లో ఉన్న అంకెలను పక్కనే ఉన్న అనుమతించిన పరిమితితో పోల్చి రాసుకోండి. ఒక రకం గింజలను ఎండువీ, డబ్బావీ కొని, ఉడికాక 100 గ్రాములకు ఏది ఎంత పడిందో లెక్కగట్టండి. ఈ లెక్క 3వ పాఠంలో ధర చీటీలు చదివేటప్పుడు కావాలి, కాబట్టి కాగితం పారేయకండి.