కార్బురేటర్ స్వయంబోధిని, 6వ పాఠం: స్లో స్క్రూ కింద దాగిన లోపం

ఈసారి ఫ్లోట్ మట్టం గురించి, అంటే కార్బురేటర్ గదిలో పెట్రోలు నిలిచే ఎత్తు గురించి చెబుతానని గత పాఠం చివర రాశాను కానీ, దానిని వాయిదా వేయక తప్పడం లేదు. ఆ పాఠంలో చెప్పిన మిక్చర్ స్క్రూ (పెట్రోలు, గాలి కలిసే పాళ్ళను మార్చేది) సర్దుబాటును స్వయంగా చేసి చూసినవారిలో చాలామందికి ఒకే ఇబ్బంది ఎదురైంది. స్క్రూను పూర్తిగా లోపలికి తిప్పినా, నాలుగు చుట్లు బయటికి తీసినా ఇంజన్ శబ్దంలో మార్పు రాలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే బండి వణికి ఆగిపోవడమూ మానలేదు. ఇందులో పొరపాటు నాది. కాలు తీసినప్పుడు ఇంజన్ వేగాన్ని నిలిపే స్లో స్క్రూ అప్పటికే సరైన చోట ఉందని అనుకుని ఆ పాఠం మొదలుపెట్టాను. ఆగిపోయే బండిని ఎలాగోలా నడుపుకోవడానికి ఆ స్క్రూను ఎవరో ఒకరు ముందే బిగించి ఉంటారన్న సంగతి చెప్పవలసింది.

దీన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత బండ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే అలవాటు ఇదే. స్లో స్క్రూ చేసే పని ఒక్కటే: కాలు తీసినప్పుడు, గాలి దారికి తలుపులా ఉండే థ్రాటిల్ బిళ్ళ పూర్తిగా మూసుకోకుండా కొద్దిగా తెరిచి ఉంచడం. బిళ్ళ దాదాపు మూసి ఉన్నప్పుడు దాని కింద వాక్యూమ్ (ఇంజన్ పీల్పు వల్ల గాలి పీడనం తగ్గడం) బలంగా ఉంటుంది. ఆ వాక్యూమ్ స్లో జెట్ అనే సన్నని రంధ్రమున్న గొట్టం ద్వారా పెట్రోలును లాగి, బిళ్ళకు కింద ఉన్న చిన్న రంధ్రం గుండా ఇంజన్‌లోకి పంపుతుంది. మిక్చర్ స్క్రూ అదుపు చేసేది ఈ రంధ్రాన్నే. బిళ్ళ అంచుకు కొంచెం పైన మరికొన్ని రంధ్రాలు ఉంటాయి. అవి మనం యాక్సిలరేటర్ నొక్కడం మొదలుపెట్టిన క్షణంలో అదనంగా పెట్రోలు ఇవ్వడానికి పెట్టినవి. స్లో స్క్రూను అతిగా బిగిస్తే బిళ్ళ అంచు ఆ రంధ్రాలను దాటుతుంది. అవి కూడా వాక్యూమ్ కిందికి వచ్చి, మిక్చర్ స్క్రూతో నిమిత్తం లేకుండా పెట్రోలును వదలడం మొదలుపెడతాయి. స్క్రూ ఎటు తిప్పినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. డిస్ట్రిబ్యూటర్‌కు (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) వెళ్ళే వాక్యూమ్ పైపు రంధ్రం కూడా బిళ్ళ అంచు దగ్గరే ఉన్న కార్బురేటర్లలో టైమింగ్ (ప్లగ్గు నిప్పు రాజేసే సమయం) సైతం ముందుకు జరిగి, ఇంజన్ వేగం మరికొంత పెరుగుతుంది. అప్పుడు లోపం నయమైనట్టు కనిపిస్తుంది. నిజానికి అసలు లోపం అలాగే ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి మన దగ్గరున్న సాధనం మాత్రం పనికిరాకుండా పోతుంది.

కాబట్టి ముందుగా వెనక్కి రండి. ఇంజన్ ఆపి, చోక్ (కార్బురేటర్ నోటి దగ్గర గాలిని తగ్గించే మూత) పూర్తిగా తెరిచి, స్లో స్క్రూ మొన థ్రాటిల్ మీటను తాకకుండా పోయేవరకు విప్పండి. మళ్ళీ తాకేవరకు తిప్పి, అక్కడి నుంచి ఒక చుట్టు మాత్రమే బిగించండి. మిక్చర్ స్క్రూను మెత్తగా ఆనేవరకు మూసి, ఒకటిన్నర చుట్లు తీయండి. బలంగా బిగిస్తే దాని సూది మొనలో గాడి పడుతుంది, అది ఆనే చోటు దెబ్బతింటే కార్బురేటరే చెడవచ్చు. తరువాత ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. ఈ స్థితిలో అది నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య నిలబడితే గత పాఠం ఇప్పుడు పనిచేస్తుంది. ఆగిపోతే మంచిదే, ఎందుకంటే దాగి ఉన్న లోపం బయటపడింది.

డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంచి కలిపే పాయింట్ల సందు చాలా ఇంజన్లలో 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దానిని, ప్లగ్గులను, టైమింగ్‌ను చూసిన తరువాతే కార్బురేటర్ వైపు రావాలి. ఆ తరువాత నేను మొదట చేసే పని చోక్‌ను కొద్దికొద్దిగా మూయడం. వేడి ఇంజన్ అలా మూసినప్పుడు కుదుటపడితే మిశ్రమం పలచగా ఉందని అర్థం: గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా వస్తోంది, లేదా స్లో జెట్ పూడింది. మరింత తడబడి నల్లపొగ వదిలితే మిశ్రమం చిక్కగా ఉంది. ఫ్లోట్ మట్టాన్ని, ఆ గదిలోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వును అనుమానించాలి. అది వచ్చే పాఠం.

గాలి కారడం ఐడ్లింగ్‌లోనే, అంటే కాలు తీసి ఇంజన్‌ను ఊరికే నడవనిచ్చినప్పుడే, బయటపడటానికి కారణం ఉంది. సందు పరిమాణం ఎప్పుడూ ఒకటే. ఇంజన్ తక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ దొంగగాలి వాటా పెద్దది, వేగం పెరిగాక చిన్నది. అందుకే ఇటువంటి బండి రోడ్డు మీద చక్కగా పరుగెత్తి, ఆగినచోట మొరాయిస్తుంది. వెతకడానికి కొందరు కార్బురేటర్ క్లీనర్ చల్లుతారు. వేడి మానిఫోల్డ్ (ఇంజన్‌కు బిగించిన గొట్టాల భాగం) పక్కన మండే ద్రవం వద్దని నా అభిప్రాయం. సన్నగా చిమ్మే సీసాతో నీళ్ళు చాలు, అయితే డిస్ట్రిబ్యూటర్ మీద పడనివ్వకండి. కార్బురేటర్ కింది ప్యాకింగ్, మానిఫోల్డ్ ప్యాకింగ్, ఎండి చిట్లిన రబ్బరు పైపుల మీద ఒక్కొక్క చోట చిమ్ముతూ ఉంటే, సందు ఉన్నచోట నీరు దానిని క్షణకాలం మూస్తుంది, ఇంజన్ శబ్దం మారుతుంది. బ్రేక్ బూస్టర్‌కు (వాక్యూమ్‌తో బ్రేకుకు బలం చేర్చే డబ్బా) వెళ్ళే లావు పైపును, బండి కదలకుండా నిలిపి, గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి చూడండి. ఇంజన్ కుదుటపడితే లోపం బూస్టర్‌లోనో దాని పైపులోనో ఉంది, దానిని సరిచేసేవరకు బండి నడపరాదు. వాక్యూమ్ మీటరు ఉన్నవారికి పని మరింత సులువు. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది, ముల్లు కదలకుండా నిలుస్తుంది. ఎత్తు పెరిగే ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది.

గాలి ఎక్కడా కారకపోతే, స్లో సర్క్యూట్‌కు, అంటే స్లో జెట్ పెట్రోలు దారికి, కరెంటుతో తెరుచుకునే విద్యుత్ సోలనాయిడ్ ఉందేమో చూడండి. తాళం తిప్పి, ఇంజన్ నడపకుండా దాని తీగను తీసి తాకిస్తే టక్కుమనాలి. చప్పుడు లేకపోతే తీగకు కరెంటు అందడం లేదు, లేదా సోలనాయిడ్ చెడింది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ ఇంజన్ నడుస్తుంది, వదలగానే ఆగుతుంది. మిగిలింది స్లో జెట్. దానిని విప్పి వెలుగుకు పట్టుకుని చూసి, గాలి ఊది శుభ్రం చేయండి, తీగ దూర్చకండి.

ఈసారి అభ్యాసానికి ఒక పూట పడుతుంది. ఆరుబయట, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, బాగా నడుస్తున్న ఇంజన్ మీద చేయండి. ఇంజన్ ఆపి ఒక చిన్న వాక్యూమ్ పైపు తీసి, మళ్ళీ నడిపి శబ్దాన్ని, మిక్చర్ స్క్రూ ప్రభావాన్ని, చోక్ ప్రభావాన్ని రాసుకోండి. తరువాత స్లో స్క్రూను పావు చుట్టు చొప్పున ఒక చుట్టు వరకు బిగిస్తూ, ప్రతి మెట్టులో మిక్చర్ స్క్రూను అర చుట్టు అటూ ఇటూ తిప్పి చూడండి. దాని మాట ఇంజన్ ఎక్కడ వినడం మానేసిందో ఆ మెట్టును గుర్తు పెట్టి, అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చి, ఇదంతా మరో రెండుసార్లు చేయండి. మూడుసార్లూ ఒకే మెట్టు వచ్చాకే ఫ్లోట్ గది మూత విప్పండి.