కొత్త కె-పాప్ ఆల్బమ్ మీద ఫ్యాన్స్ అసలు మాట: లిజనింగ్ పార్టీ పెట్టి అభిప్రాయాలు రాబట్టడం ఎలా

కె-పాప్ (కొరియా పాప్ సంగీతం) కమ్‌బ్యాక్ రోజు, అంటే కొత్త ఆల్బమ్ వచ్చిన రోజు, వాట్సాప్ గ్రూపులో కనిపించేవన్నీ ఏడుపు ఎమోజీలు, ‘మెంటలెక్కిపోయింది’లే. వాటిని బట్టి ఆల్బమ్ ఎలా ఉందో చెప్పలేం. పైగా డెబ్యూ నుంచి ఫాలో అవుతున్న అక్క ఎవరైనా ‘టైటిల్ ట్రాక్ (ఆల్బమ్‌లో ముఖ్యమైన పాట) తేలిపోయింది’ అన్నారంటే, కొత్తగా ఫ్యాన్స్ అయిన ఇంటర్ పిల్లలంతా అక్క మాటకే తలూపుతారు. అందుకని పది పన్నెండు మందిని కూర్చోబెట్టి వినిపించేటప్పుడు ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: ముందు చీటీలో రాత, తర్వాతే మాట.

కొరియా గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 6కు ఆల్బమ్ వస్తే మనకు మధ్యాహ్నం 2:30. మధ్యాహ్నం 1కి వదిలితే మనకు ఉదయం 9:30. రెండూ కాలేజీ వేళలే కాబట్టి ఆ వారం వచ్చే ఆదివారమే దిక్కు. ఆ పూట పొద్దున కూడా పరీక్షలు పెట్టే కాలేజీలు ఉన్నాయి. మధ్యాహ్నం 3కి మొదలుపెట్టి 6 లోపు ముగించండి. ఇళ్ల నుంచి ఫోన్లు రావడం అప్పుడే మొదలవుతుంది మరి. ఆదివారానికి చాలామంది ఆల్బమ్ వినేసి ఉంటారు, దాన్ని ఆపలేం. చీటీ పైన ‘ఇప్పటికి ఎన్నిసార్లు విన్నారు: అసలు వినలేదు / 1–3 / అంతకన్నా ఎక్కువ’ అని ఒక గడి పెడితే లెక్క తేలుతుంది.

చోటు అమీర్‌పేట చుట్టుపక్కలైతే మేలు. మెట్రో ఎరుపు, నీలం లైన్లు అక్కడే కలుస్తాయి గనక మియాపూర్, ఎల్బీ నగర్, నాగోల్, రాయదుర్గం వైపుల నుంచి వచ్చేవాళ్లు రైలు మారక్కర్లేదు. కెఫేల జోలికి పోకండి: వాళ్ల పాటలు, వాళ్ల మిక్సీ మీ ఆల్బమ్‌ను మింగేస్తాయి. హాలు అద్దెకు తీసుకుని టికెట్ పెడితే సంగీత హక్కుల లైసెన్సుల సంగతి కూడా చూసుకోవాలి. ఎవరో ఒకరి ఇంటి హాలే సుఖం. సీలింగ్ ఫ్యాన్ తగ్గించండి. ఊపిరితో కలిపి పాడే సన్నటి గొంతులు ఆ హోరులో కలిసిపోతాయి. చిప్స్ ప్యాకెట్లు, సమోసాలు విరామం దాకా వంటింట్లోనే ఉండాలి. కరకరలాడేది ఏదీ పాట నడుస్తుండగా హాల్లోకి రాకూడదు. (ఉస్మానియా బిస్కెట్లకు మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు, అవి చప్పుడు చేయవు.)

టీవీ స్పీకర్లలో బేస్ సరిగా రాదు. పాట పలచగా ఉందన్న తప్పుడు తీర్పు అక్కడే పుడుతుంది. ఓ మాదిరి సైజు బ్లూటూత్ స్పీకర్ ఒకటి చాలు, ఛార్జర్‌కు తగిలించే ఉంచండి. పాటలు పెట్టే ఫోన్‌లో ఆల్బమ్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం ఆన్ చేయండి. లేకపోతే పాట మధ్యలో ఎవరి అమ్మగారి కాలో స్పీకర్‌లో మోగుతుంది. షఫుల్, ఆటోప్లే ఆపేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర ఇంకో పాట మొదట్లో కలిసిపోయే సెట్టింగ్) సున్నా చేయండి. ఉచిత ఖాతా అయితే ప్రకటనలు దూరతాయి కాబట్టి డబ్బు కట్టిన ఖాతా ఎవరికుందో ముందే కనుక్కోండి. ఇంగ్లిష్ వెర్షన్, ఇన్‌స్ట్రుమెంటల్, స్పెడ్-అప్ (వేగం పెంచినది) వంటివి లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చండి.

అసలు పని చీటీలోనే ఉంది. మనిషికో ఏ4 కాగితం, పాటకో వరుస. 1 నుంచి 10 మార్కులు పెట్టారో, ఫ్యాన్స్ చేతికి 8 కింద అంకె రాదు. 5 వరకే పెట్టండి. పక్కన ‘ఏ చోట’ అని గడి గీసి నిమిషం, సెకను రాయమనండి. ‘1:52 దగ్గర డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) వస్తుందనుకుంటే రాలేదు’ అన్న ముక్క పది ఎమోజీల కన్నా విలువైనది. కింద రెండు ప్రశ్నలు చాలు: వచ్చే వారం మీ అంతట మీరు పెట్టుకుని వినే పాట ఏది? ఒక పాట తీసేయాల్సి వస్తే ఏది తీసేస్తారు? రెండో ప్రశ్నకు మొదట అందరూ ‘ఒక్కటీ తీయలేను’ అంటారు. ఖాళీగా వదలనివ్వకండి.

‘లైన్ల పంపకం’ అని ఇంకో గడి విడిగా ఉండాలి. లేకపోతే తన బయాస్‌కు (గ్రూపులో తనకు బాగా ఇష్టమైనవాళ్లకు) పాడటానికి రెండే లైన్లు దక్కాయన్న కోపం పాట మార్కుల మీదికి పోతుంది. కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ అది పాట మీద కాదు, కంపెనీ మీద.

ప్రతి పాట అయ్యాక ఒక నిమిషం మౌనం, రాయడానికి. మినీ ఆల్బమ్ ఇరవై నిమిషాల చిల్లర ఉంటుంది, ఆగకుండా వినేయొచ్చు. పది పాటలు దాటితే సగంలో పది నిమిషాలు ఆగండి. చెవులు అలిసిపోయి చివరి పాటలకు ఊరికే మార్కులు తగ్గుతాయి. మ్యూజిక్ వీడియో చీటీలన్నీ చేతికి వచ్చాకే. కొరియోగ్రఫీ చూశాక టైటిల్ ట్రాక్‌కు ఎవరూ తక్కువ వేయరు. అన్‌బాక్సింగ్ ఆ తర్వాత: ఆల్బమ్ పెట్టెలో కోరుకున్న ఫోటోకార్డ్ (గ్రూపు సభ్యుల ఫొటో ఉన్న చిన్న కార్డు) దొరికినవాళ్లకు ఆల్బమ్ మొత్తం కళాఖండంగా కనిపిస్తుంది. సాహిత్యం గురించి అనువాదం చదివినవాళ్లే మాట్లాడాలి. వీడియోలకు అధికారిక సబ్‌టైటిల్స్ ఉంటే వాటినే నమ్మండి.

వారం తర్వాత అదే చీటీ మళ్లీ పంపండి. మొదటి రోజు 2 తెచ్చుకున్న బి-సైడ్ (టైటిల్ ట్రాక్ కాని పాట) 4కు ఎక్కడం, టైటిల్ ట్రాక్ 5 నుంచి 3కు జారడం మామూలే. ఆల్బమ్ నిలబడుతుందో లేదో చెప్పేది ఆ తేడాయే.

లెక్కలు కట్టేటప్పుడు సగటును నమ్మకండి. పన్నెండు మందీ 3 వేసినా సగటు 3. ఆరుగురు 5, ఆరుగురు 1 వేసినా 3. మొదటిది ఎవరికీ పట్టని పాట, రెండోది గొడవ పెట్టే పాట. అందుకే ఏ మార్కు ఎంతమంది వేశారో విడిగా రాయండి. అందరితో విభేదించిన ఒక్కరి వాక్యాన్ని కచ్చితంగా ఉంచండి. అమ్మకాల అంకెలను అభిప్రాయాలతో కలపొద్దు: హాన్‌టియో (కొరియాలో ఆల్బమ్ అమ్మకాలు లెక్కించే చార్ట్) మొదటి వారం లెక్కలో, కార్డుల కోసం ఒకే మనిషి కొన్న అయిదు కాపీలూ అయిదుగానే పడతాయి. వచ్చినవాళ్లలో బడి పిల్లలు ఉంటారు, పేర్లు, ఫొటోలు బయట పెట్టకండి. ‘పదో తరగతి, రెండేళ్లుగా ఫ్యాన్’ అంటే సరిపోతుంది.

కొన్ని నెలలకు రీప్యాకేజ్ (అదే ఆల్బమ్ కొత్త పాటలు కలిపి మళ్లీ విడుదల చేసేది) వస్తే పాత పాటలకు మళ్లీ మార్కులు వేయించనక్కర్లేదు. కొత్తగా చేరిన రెండు మూడు పాటలకే చీటీలు ఇచ్చి, పాత చీటీల ఫొటోలు పక్కన పెట్టుకుని చూసుకోండి.